డ్రమ్ము ఆగిన తర్వాత

మార్చి 6, శుక్రవారం

మా సంఘం పెద్దాయన చెప్పాడు కాబట్టి రాస్తున్నాను. రోజుకో ఆనందం రాసుకోమన్నాడు. "చిన్నదైనా సరే అమ్మా, వెతికితే దొరుకుతుంది" అన్నాడు. అదేదో మంచం కింద పడిపోయిన చెవిపోగు అయినట్టు.

ఈరోజు ఆనందం: దొరకలేదు.

ఆదివారం నుంచి మా ఆయన ఠాణాలో ఉన్నాడు. ఆదివారం నుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. వరసగా రాసిపడేస్తే తిరగడం మానుతుందేమో చూద్దాం.

ఠాణావాళ్ళు మా సంఘం మందిరానికి సీలు వేసి, ఎక్కడా కూడుకోవద్దన్నాక మేం మా లాండ్రీలోనే కూడుకుంటున్నాం. ఆదివారం మా మెషీన్లు తిరిగితే ఎవరికీ అనుమానం రాదు, లాడ్జీల దుప్పట్లకు ఆదివారం, సోమవారం తేడా లేదు. మా పెద్ద మెషీనును ఏనుగు అంటాం. అది దుప్పట్లను పిండటం మొదలుపెట్టిందంటే నేల అదురుతుంది, పక్క మనిషి అరిచినా వినపడదు. ఆ కాసేపే మాకు పాట. అది నీళ్ళు మార్చుకునేటప్పుడు గుసగుసగా ప్రార్థన. మళ్ళీ డ్రమ్ము తిరిగితే మళ్ళీ పాట. డ్రమ్ము ఎప్పుడు నెమ్మదిస్తుందో ఆయనకు చప్పుడును బట్టి తెలుసు. చెయ్యెత్తుతాడు. ఎత్తగానే ఎవరి నోట్లో ఏ అక్షరం ఉంటే అది మింగెయ్యాలి. ఆమేన్ సగం లోపల, సగం బయట ఉండిపోయిన రోజులున్నాయి. మొదట్లో నవ్వుకునేవాళ్ళం.

అత్తకు చెవులు పోయి చాలా కాలమైంది. ఏదో జ్వరం పట్టుకుపోయింది. పెదాలు చూసి మాట పట్టేస్తుంది, మనం మనసులో అనుకున్నది కూడా ఒక్కోసారి పట్టేస్తుంది, అదే నా బాధ. పాట మాత్రం ఆమెను వదిలి పోలేదు. చెవులున్న మేమంతా తలో శ్రుతిలో ఉంటే చెవుల్లేని ఆమె ఒక్కతే సరైన శ్రుతిలో ఉంటుంది. ఏనుగు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. అది అదిరినంతసేపూ పాడుతుంది, అదురు తగ్గగానే ఆపుతుంది. ఎప్పుడూ తప్పలేదు.

మొన్న ఆదివారం ఏనుగు తలుపు దగ్గర నీళ్ళు కారుతున్నాయని కుర్చీ కాస్త పక్కకు జరుపుకుంది. చెయ్యి డ్రయర్ మీద పెట్టుకుంది. డ్రయర్ కూడా అదురుతుంది, కానీ దాని చప్పుడు గది దాటదు. ఆయన చెయ్యెత్తాడు. అందరం నోరు మూసుకున్నాం. ఏనుగు ఆగింది. ఆమె కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది.

ఆయన ఆమెకు చేతికందే దూరంలో ఉన్నాడు. భుజం మీద ఒక్క వేలు వేస్తే ఆగిపోయేది. చెయ్యి చాపాడు కూడా, నేను చూశాను. చాపి వెనక్కి తీసుకున్నాడు. మమ్మల్ని కదలొద్దని సైగ చేశాడు. ఆమె ఆ చరణం పూర్తి చేసి, ఇంకో చరణం కూడా ఎత్తుకుని పాడింది. ఆవిరి పోవడానికి పైన వెంటిలేటర్ తెరిచే ఉంది. వీధిలో ఎవరు విన్నారో, ఎవరు పోయి చెప్పారో తెలియదు. అందరూ వెళ్ళిపోయాక సాయంత్రం ఠాణా నుంచి మనుషులు వచ్చారు.

"ఇక్కడ పాడిందెవరు?" అన్నారు.

"లాండ్రీ నాది" అన్నాడు ఆయన.

అడిగిందొకటి, చెప్పిందొకటి. తీసుకెళ్ళిపోయారు.

ఎందుకు తాకలేదు? ఒక్క వేలు.

మార్చి 7, శనివారం

ఈరోజు ఆనందం: ఏనుగు తలుపు రబ్బరు నేనే మార్చాను. ఇంక కారదు. ఈ పని పోయిన శనివారం ఎవరైనా చేసి ఉంటే ఈ డైరీతో నాకు పనే ఉండేది కాదు.

మార్చి 9, సోమవారం

ఠాణాకు వెళ్ళాను. అక్కడి అధికారి పెన్ను మూత నములుతూ మాట్లాడతాడు. మూత మీద పంటి గాట్లు చూస్తూ నిలబడ్డాను, ముఖం చూడటానికి ధైర్యం చాలక.

"చూడమ్మా" అన్నాడు, "విన్నవాళ్ళు ఆడగొంతు అంటున్నారు. మీ ఆయన గొంతు నేను విన్నాను, చలికాలంలో బండి స్టార్టు చేసినట్టుంటుంది. అంత బాగా పాడే మనిషంటే పది మందికి నేర్పే మనిషి, పది మందిని పోగేసే మనిషి. నాకు కావలసింది ఆ మనిషి. ఎవరో చెప్పు, ఇప్పుడే మీ ఆయన్ని వెంట తీసుకుపో."

"నేనే పాడాను సార్" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఒక్క క్షణం నేనేదో గొప్పదాన్ని అయిపోయాననిపించింది.

"అయితే పాడు."

పాడాను. చిన్నప్పుడు మా అక్క నన్ను పాడొద్దని బతిమాలుకునేది, పాలు విరిగిపోతాయని. రెండో ముక్క దగ్గరే అతను పెన్నెత్తి ఆపేశాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడు ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నా త్యాగం అక్కడితో సరి.

ఆయన్ని చూడనిచ్చారు. కింది పెదవి వాచి ఉంది. చొక్కా అదే. లాండ్రీ యజమాని ఒంటి మీద వారం నాటి చొక్కా. ముందు అదే కనిపించింది నాకు, ఎందుకో తెలియదు.

"అమ్మకు చెప్పావా?" అన్నాడు, నేను ఎలా ఉన్నానని అడగకుండానే.

"కూటాలకు పర్మిషన్ లేదన్న గొడవని చెప్పాం. పెద్దాయనే చెప్పాడు."

"అంతే చెప్పండి. తన పాట వల్లనని తెలియకూడదు. ఎప్పటికీ తెలియకూడదు. నాకు మాటివ్వు."

మాటిచ్చాను. ఇచ్చాక అడిగాను, ఎందుకు తాకలేదని. ఆయన నవ్వబోయి పెదవి పట్టుకున్నాడు.

"ఆ టైములో అమ్మ ముఖం చూశావా నువ్వు?"

"నేను మీ చెయ్యి చూశాను" అన్నాను.

"మందిరం మూశాక అమ్మ పాట సగంలో ఆగకుండా సాగింది ఆ ఒక్కసారే. ఆపలేకపోయానే. భయమేసింది, కానీ ఆపలేకపోయాను. ఇక్కడ దెబ్బలు తిన్నప్పుడు కూడా అదే గుర్తొచ్చింది. నవ్వకు, నిజంగా సంతోషంగా ఉంది నాకు."

నేను నవ్వలేదు. తల్లి ముఖంలో ఆయన ఏదో చూశాడు, దాన్ని పట్టుకుని లోపల సంతోషంగా ఉన్నాడు. ఆయన సంతోషంలో నాకు వాటా లేదు. నాకొచ్చిన వాటా తడి దుప్పట్లు.

మార్చి 10, మంగళవారం

అత్త ఠీవిగా తిరుగుతోంది. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది, "మా అబ్బాయి ప్రభువు పని మీద ఠాణాకు వెళ్ళాడు" అని, కొడుక్కి కలెక్టరు ఉద్యోగం వచ్చినట్టు. తన గొంతు తనకు వినపడదు కదా, వీధి చివరి దాకా వినిపించేలా చెబుతోంది. నేను అరచేత్తో కిందికి తగ్గించమని సైగ చేస్తే, "భయపడకు పిల్లా, ఇందులో సిగ్గుపడాల్సిందేముంది" అంటుంది. రెండు రొట్టెలు తింది, గుడ్డు తింది. దిండు గలీబులు ఇస్త్రీ చేస్తూ లోలోపల కూనిరాగం తీసింది.

నేను కోపంగా లేను. ఆమెకేం తెలుసు పాపం.

ఇస్త్రీ పెట్టె కింద పెట్టిన చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. పెట్టింది నేనే.

మార్చి 12, గురువారం

పెద్దాయన వచ్చాడు. బజారులో గడియారాలు బాగుచేస్తాడు, సంఘంలో మమ్మల్ని బాగుచేస్తాడు. దేవుడి కోసం దెబ్బలు తినడం భాగ్యమని, పూర్వం సంకెళ్ళలో కూడా కీర్తనలు పాడినవాళ్ళున్నారని చెప్పాడు. ఎప్పటినుంచో వింటున్నదే. నేనూ నలుగురికి చెప్పిన మాటే. ఒడ్డున నిలబడి చెప్పినప్పుడు ఎంత బాగుంటుందో ఆ మాట.

"ఒక్క పేరు చెబితే ఆయన్ని వదిలేస్తారట" అన్నాను.

"తెలుసమ్మా. కానీ ఆమెది పెద్ద వయసు."

"పెద్ద వయసని ఏమీ చెయ్యరేమో. మందలించి పంపేస్తారేమో."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అక్కడున్నది మీ అమ్మాయి మొగుడైతే ఏం చేస్తారు?"

చేతి గడియారానికి తాళం తిప్పుకుంటూ కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ఆనందం గురించి చెప్పడం నా పని అమ్మా. ఉండటం నా చేతుల్లో లేదు. ఆ ఆదివారం నుంచి నాకూ నిద్ర లేదు. తలుపు చప్పుడైతే నా కోసమే అనుకుంటున్నాను."

పెద్దాయన మీద కోపం పోయింది. పోయాక ఇంకా ఒంటరిదాన్ని అయ్యాను. కోపమైనా ఒక తోడు.

పెద్ద లాడ్జీవాళ్ళు ఇవాళ దుప్పట్లు పంపలేదు. వేరే చోట ఉతికించుకుంటున్నారట. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మార్చి 13, శుక్రవారం

ఈరోజు రాయను.

మార్చి 15, ఆదివారం

ఎవరూ రాలేదు. వస్తారని కుర్చీలు వేసింది అత్త. వేసి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది. రారని చెప్పాను. "వానేమో" అంది. బయట ఎండ కాస్తోంది.

ఏనుగులో వెయ్యడానికి దుప్పట్లు లేవు. పాత తువాళ్ళు రెండు వేసి తిప్పాను. ఉత్తి డ్రమ్ము అయినా చప్పుడు చప్పుడే. అత్త అరచెయ్యి ఆనించి పాడింది. నేను పక్కన కూర్చుని వెంటిలేటర్ మూసి ఉందో లేదో చూస్తున్నాను, మూసే ఉంది, మళ్ళీ చూస్తున్నాను. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను. లోపల ఒక్క మాట లేదు. ఇన్నేళ్ళు ప్రభువుతో మాట్లాడానా, నాతో నేనే మాట్లాడుకున్నానా? భయమేసి కళ్ళు తెరిచాను.

చెవిటి ముసలామెను వాళ్ళేం చేస్తారు? ఏమీ చెయ్యరు. రెండు మాటలు మందలిస్తారు, అవి ఆమెకు వినపడవు కూడా. కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపుతారు. ఠాణావాళ్ళకు మాత్రం తల్లులుండరా? ఆమెకు వచ్చే కష్టమేమీ లేదు. ఆయనకు తోలు ఊడుతోంది. లెక్క చూస్తే తేలిక లెక్కే.

ఏం చేస్తారు? ఏమీ చెయ్యరు.

మార్చి 17, మంగళవారం

పొద్దున రొట్టె ఇవ్వడానికి వెళితే పెన్ను మూత అధికారి తానే పిలిచి చెప్పాడు. శుక్రవారం ఆయన్ని పెద్ద జైలుకు పంపేస్తారట. వేరే ఊరు. "అక్కడికి వెళ్ళాక నా చేతిలో ఏమీ ఉండదమ్మా. ఏళ్ళు పడుతుంది" అన్నాడు. బెదిరింపులా అనలేదు. జాలిగా అన్నాడు, అదే ఎక్కువ భయపెట్టింది.

ఆయన్ని ఇవాళ చూడనివ్వలేదు. లోపలినుంచి దగ్గు వినిపించింది. ఆయన దగ్గే. మా గదిలో వినే దగ్గును గోడ అవతలనుంచి విన్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్త దుప్పటి మడతపెడుతోంది. రెండో కొస నా చేతికి ఇచ్చింది. దుప్పటి మడత పెట్టడానికి ఇద్దరుండాలి, ఇన్నేళ్ళూ ఆమెకు నేను, నాకు ఆమె. రెండడుగులు దగ్గరకు వచ్చి కొసలు కలపాలి, వెనక్కి వెళ్ళాలి, మళ్ళీ దగ్గరకు రావాలి. అలా దగ్గరకు వచ్చినప్పుడు చెప్పేశాను. ఆమెకు పెదాలు బాగా కనిపించే దూరంలో.

"అత్తయ్యా, ఆ రోజు ఏనుగు ఆగిపోయింది. మీ చెయ్యి డ్రయర్ మీద ఉంది. అందరం ఆపేశాం. మీరు ఆపలేదు. వీధిలో విన్నారు. ఆయన్ని అందుకే పట్టుకుపోయారు."

కొస వదల్లేదు. నా పెదాలనే చూస్తోంది, ఇంకా ఏమైనా ఉందేమోనని.

"పాడింది ఎవరో చెబితే ఆయన్ని వదిలేస్తామంటున్నారు. ఆయన చెప్పడం లేదు. శుక్రవారం పంపించేస్తారు."

చాలాసేపు దుప్పటి మధ్యలో వేలాడింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవాలనే కోరుకున్నాను, అది కూడా రాసుకోనీ. నేను ఏడ్చినట్టే ఆమె కూడా ఏడవాలని.

"ఆ రోజు పాట బాగా వచ్చిందా?" అంది.

దుప్పటి కొస ఒకసారి లాగి నన్ను కదిలించింది.

"చెప్పు పిల్లా. నాకు వినపడదుగా. బాగా వచ్చిందా?"

"బాగా వచ్చింది అత్తయ్యా" అన్నాను. నిజంగానే బాగా వచ్చింది. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు నాకు.

ముఖమంతా వెలిగిపోయింది ఆమెకు. దుప్పటి నా చేతిలో పెట్టేసి బట్టల పెట్టె తెరిచింది. "అయితే రేపే వెళదాం. నా నీలం బట్టలు ఇస్త్రీ చెయ్యి, కాలర్ దగ్గర ముడత ఉండకూడదు. నా పాటకు వాడు కూర్చోవడమేంటి, వాడికేమైనా పాట వచ్చా?" అని నవ్వింది. తర్వాత నా చుబుకం పట్టుకుని నెమ్మదిగా అంది, "ముసలిదాన్ని, చెవిటిదాన్ని, ఎందుకూ కొరగాననుకున్నా. ప్రభువు నన్ను కూడా లెక్కలో వేసుకున్నాడే."

నీలం బట్టలు ఇస్త్రీ చేశాను. కాలర్ మీద రెండుసార్లు ముడత పడింది. మళ్ళీ తడిపి చేశాను. ఆమె పక్కన నిలబడి చూస్తూ, ఎక్కడ ముడత ఉందో వేలు పెట్టి చూపించింది.

మార్చి 18, బుధవారం

ఆమే వస్తానంది.

పెన్ను మూత అధికారి మా ఇద్దర్నీ చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. "మొన్న నువ్వే పాడానన్నావు. ఇవాళ చెవిటి ముసలమ్మను తెచ్చావు. రేపు మూగదాన్ని తెస్తావా?" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. వాళ్ళు నవ్వుతున్నారని అత్త కూడా మర్యాదకు నవ్వింది.

"నిజం సార్. ఆమే పాడింది."

"చెవిటిది పాడటమేంటమ్మా? ఎవర్ని కాపాడుతున్నావు?"

ఇంటికి తీసుకుపో అన్నాడు. విన్నావా ప్రభూ, ఇంటికి తీసుకుపో అన్నాడు. అప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చెయ్యగలిగేదాన్ని. తలుపు తెరిచే ఉంది. నేను ఆమె వైపు తిరిగి, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ, "పాడండి అత్తయ్యా" అన్నాను.

ఆమె చెయ్యి ఆనించడానికి ఏమైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూసింది. ఏమీ లేదు. రెండు చేతులూ ఒకదానిలో ఒకటి పెట్టుకుంది. పాడింది. మొదటి చరణం అయ్యేసరికి ఠాణాలో టైపు చేసేవాడు ఆపేశాడు. పెన్ను మూత అధికారి నోట్లోనే ఉండిపోయింది. రెండో చరణంలో లోపలినుంచి "అమ్మా! అమ్మా, ఆపమ్మా!" అని ఆయన కేక. కటకటాలు ఊపుతున్న చప్పుడు. ఆమెకేం తెలుసు. అందరి ముఖాలూ తన వైపే ఉన్నాయి కదా, వింటున్నారని ఇంకా బాగా పాడింది.

ఆమెను ఉంచేశారు. టీ ఇవ్వలేదు. ఎవరూ మందలించలేదు. ఒకామె వచ్చి మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది, అంతే. వెళుతూ వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది, ఏదో ప్రయాణానికి వెళుతున్నట్టు.

ఆయన్ని సాయంత్రం వదిలారు.

ఆమే వస్తానంది.

మార్చి 19, గురువారం

ఆమే వస్తానంది. నేను సంగతి చెప్పానంతే. రమ్మని అనలేదు. ఆమే వస్తానంది.

మార్చి 21, శనివారం

ఆయన ఇంట్లో ఉన్నాడు. ఇన్ని రోజులూ దేవుణ్ణి అడిగింది ఇదే. ఇదిగో, ఇచ్చాడు. నా ఎదురుగా కూర్చుని రొట్టె తింటున్నాడు. దానిలో ఏ ముక్కా ఆయన గొంతు దిగడం లేదని నాకు కనిపిస్తోంది.

ఒక్కసారే అడిగాడు. "నువ్వు చెప్పావా, తనే తెలుసుకుందా?"

"ఆమే వస్తానంది."

"అది కాదు నేనడిగింది."

మళ్ళీ అడగలేదు. తిట్టలేదు. తిడితే బాగుండు. ఏనుగును ముట్టుకోకుండా, చేతులతో ఉతుకుతున్నాడు, తొట్టి దగ్గర వంగి, నడుము పట్టేసినా. లోపల ఉన్నప్పుడు వాచిన పెదవితో నవ్వినవాడు ఇంట్లో మంచి పెదవితో నవ్వడం లేదు. ఆయనకున్న కాస్త సంతోషం కూడా నేనే తీసేశాను. ఇంటికి తెచ్చుకున్నది మనిషిని మాత్రమే.

వదిలిపెట్టినవాళ్ళను మళ్ళీ లోపలికి చూడటానికి రానివ్వరట. ఆయన గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఇక చూడగలిగేది నేనొక్కదాన్నే.

మార్చి 24, మంగళవారం

వెళ్ళాలనుకున్నాను. బట్టలు ఎక్కువున్నాయి.

మార్చి 25, బుధవారం

వాన. నిజంగానే వాన.

పెద్దాయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. సంఘమంతా అత్త గురించి గొప్పగా చెప్పుకుంటోందట. ఠాణాలో నిలబడి కీర్తన పాడిన వీరురాలట. ఆమె లోపల కూడా పాడుతూనే ఉంటుందని, తోటివాళ్ళకు నేర్పుతూ ఉంటుందని అందరూ ధైర్యం తెచ్చుకుంటున్నారట. "నువ్వు చూసొచ్చి మాకు చెబితే బాగుంటుందమ్మా. మాకిప్పుడు అలాంటి మాట కావాలి" అన్నాడు. నా ముఖం చూసి, "ఓపిక ఉన్నప్పుడే" అన్నాడు.

ఆమె పాడుతూ ఉంటుంది. తప్పకుండా పాడుతూ ఉంటుంది. ఆమె సంగతి నాకు తెలియదా? నాకంటే హాయిగా ఉండి ఉంటుంది.

మార్చి 27, శుక్రవారం

వెళ్ళాను.

ఆడవాళ్ళ గది వెనక వైపు ఉంది. మధ్యలో ఇనుప జాలీ. లోపల బల్బు ఉంది, వెలగడం లేదు. మొదట ఎవరూ లేరనుకున్నాను. తర్వాత మూలలో నీలం రంగు కదిలింది. జాలీ దగ్గరకు వచ్చి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఎవరూ?" అంది, గట్టిగా. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఎవరూ అంది.

వెలుతురు నా వెనక ఉంది, నా ముఖం ఆమెకు కనిపించడం లేదు. కాపలా ఆమెను బతిమాలాను, పక్క తలుపు కొంచెం తియ్యమని. సణుక్కుంటూ తీసింది. వెలుగు నా ముఖం మీద పడింది. అప్పుడు అత్త నన్ను గుర్తుపట్టింది.

గుర్తుపట్టి ఏడ్చింది. ఆమె ఏడుస్తుండగా నేను చూడటం అదే మొదటిసారి. చిన్నపిల్లలా, నోరు తెరుచుకుని. జుట్టు అట్టలు కట్టింది. నీలం బట్టల కాలర్ నల్లగా ఉంది.

"చీకటిగా ఉంటుంది పిల్లా" అంది. "ఎవరి పెదాలూ కనపడవు. వాళ్ళేం అంటున్నారో తెలియదు. ఎవరు దగ్గరికొచ్చినా కొడతారేమోనని ముడుచుకుంటున్నా."

"పాడుతున్నారా?" అన్నాను. బయట అందరూ అడుగుతున్నారని అడిగాను. నా పాపానికి అది అడిగాను.

"మొదటి రోజు పాడా. తర్వాత రాలేదు. ఇక్కడ ఏదీ అదరదు, గోడలన్నీ చచ్చినట్టున్నాయి. పాడుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. భయమేసి ఆపేశా." ముఖం జాలీకి ఆనించింది. "ఎంతో సంతోషంగా వచ్చా కదా, నువ్వు చూశావుగా. అదంతా ఏమైపోయిందో తెలియడం లేదు. ప్రభువును పిలుస్తున్నా. పలుకుతున్నాడో లేదో చెవిటిదాన్ని, నాకేం తెలుస్తుంది?"

ఇంక ఆపుకోలేకపోయాను. "నేనే తీసుకొచ్చాను మిమ్మల్ని. మీరే వస్తానన్నారని అందరికీ చెబుతున్నాను. నేనే తెచ్చాను అత్తయ్యా. ఇంటికి పొమ్మంటే కూడా నేనే పాడించాను."

"తెలుసులే" అంది, ముక్కు తుడుచుకుంటూ, విసుగ్గా, మార్కెట్లో చిల్లర లెక్క తప్పితే అన్నట్టు. "అదిప్పుడెందుకు? వాడు తింటున్నాడా?"

"తింటున్నారు."

"ఇది చెప్పు ముందు. నా దగ్గర అయిపోయింది, సంతోషం. నీ దగ్గర ఉందా?"

నా ముఖమంతా వెలుగులో ఉంది. దాచుకోవడానికి చోటు లేదు. ఆమె పెదాలతో ఆగే మనిషి కాదు, కళ్ళలోకి కూడా చూస్తుంది. ఎవరు ఎవరిని అడుగుతున్నారు దేవుడా! ఈ నెలంతా నేను రాసుకున్నదేంటి? ఒక తలుపు రబ్బరు. ఇంట్లో మాట్లాడని మొగుడు, నోరు తెరిస్తే మాట రాని ప్రార్థన, అవే నా ఆస్తి. లేదని చెబితే ఆమె ఆ మూలకు తిరిగి వెళ్ళి కూర్చుంటుంది, ఆ చీకట్లో, ఏమీ లేకుండా.

"ఉంది" అన్నాను.

"నిజంగా?"

"ఉంది అత్తయ్యా."

"ఎంతుంది?"

"ఇద్దరికి సరిపోతుంది."

చాలాసేపు చూసింది నా ముఖంలోకి. నమ్మిందో లేదో తెలియదు. నమ్మాలనుకుంది, అది మాత్రం కనిపించింది. తల ఊపింది. జాలీలోంచి రెండు వేళ్ళు బయటికి పెట్టింది, నేను పట్టుకున్నాను, చల్లగా ఉన్నాయి. "అయితే నీ దగ్గరే ఉంచు. వచ్చినప్పుడల్లా చూపించు" అంది. ఏడుపు ఆగింది. కాపలా ఆమె టైమైందని తలుపు మూసేసింది. నా ముఖం మీద వెలుగు పోయింది.

ఆయన గేటు బయట నిలబడి ఉన్నాడు. "ఎలా ఉంది అమ్మ?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను, చీకటి, భయం, కాలర్ మురికి. ఇద్దరికి సరిపడా సంతోషం ఉందని ఆమెతో అన్న మాట కూడా చెప్పాను. ఆయన నా వైపు తిరిగి చూశాడు. అక్కడినుంచి ఇంటిదాకా ఇద్దరం పక్కపక్కనే నడిచాం.

సోమవారం మళ్ళీ రానిస్తారట. వెళ్ళగానే సంతోషం చూపించమని అడుగుతుంది, వదలదు. ఈలోగా ఎక్కడినుంచైనా తెచ్చుకోవాలి.